సంప్రదాయ ప్రదర్శినిని నలుగురూ కలిసి ఆడియోగా చదవాలంటే

సుబ్బరామ దీక్షితుల కర్ణాటక సంగీత గ్రంథం 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయాపురంలో అచ్చయింది. అచ్చయింది తమిళదేశంలో, రాసింది తెలుగులో. పేరు విననివాళ్లు సంగీతం వాళ్లలో ఉండరు, చదివినవాళ్లు మాత్రం బాగా తక్కువ. దాన్ని ఆడియో చేద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టే గుంపులు ముందు ఒక విషయం ఒప్పుకోవాలి, పుస్తకమంతా చదవడం కుదరదు. ఎక్కువ భాగం స్వరలిపి (పాటను సరిగమల్లో రాసిన రూపం), గమకాల (స్వరాన్ని ఊపి పలికే తీరుల) గుర్తులు. "స రి గ" అంటూ గంటల తరబడి అప్పజెప్పితే ఎవరూ వినరు, పాడటం మొదలెడితే అది వేరే పని. కాబట్టి వాగ్గేయకారుల, అంటే పాట రాసి బాణీ కూడా కట్టినవాళ్ల చరిత్రలు తీసుకోండి. వేంకటమఖి, పురందరదాసు, క్షేత్రయ్య, త్యాగరాజు, శ్యామశాస్త్రి, దీక్షితుల కుటుంబం, వీళ్లందరి గురించీ అందులో ఉంది.

కాపీరైట్ గొడవ లేదు. రచయిత 1906లో పోయారు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లే. లిబ్రివాక్స్‌లో (కాపీరైట్ లేని పుస్తకాలను వాలంటీర్లు చదివి ఉచితంగా పెట్టే సైటు) పెట్టాలంటే అమెరికా చట్టం చూస్తారు, 1904 నాటి అచ్చుకి అక్కడా ఇబ్బంది లేదు. అయితే పాత ప్రతి స్కాన్ నుంచే చదవండి. తర్వాత వచ్చిన ముద్రణల్లో సంపాదకుల పీఠికలు, నోట్సు వాళ్లవి, వాటి జోలికి పోవద్దు.

ఇక అసలు పని. రికార్డింగ్ కాదు, ఉచ్చారణ పట్టిక. ఒకరు ముద్దుస్వామి అని, ఇంకొకరు ముత్తుస్వామి అని చదివితే వినేవాడు ఇద్దరు మనుషులనుకుంటాడు (పుస్తకంలో ఎలా ఉంటే అలా చదవడమే మంచిది). తమిళ ఊళ్ల పేర్లు, రాగాల పేర్లు, సంవత్సరాల పేర్లు, శ్లోకాలు, అన్నీ ఒక షేర్డ్ షీట్‌లో రాసి పక్కన ఎలా పలకాలో ఒక చిన్న వాయిస్ క్లిప్ పెట్టండి. సంస్కృతం వచ్చినవాళ్లు ఒక్కరుంటే చాలు, శ్లోకాలన్నీ వాళ్లతో ముందే చదివించుకోండి. అరసున్న పలకక్కర్లేదు, "వాఁడు" అని ఉంటే "వాడు" అనే చదవండి. పొడుగాటి సంధులూ సమాసాలూ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పవు, అందుకే రికార్డు చేసేముందు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని ఒకసారి పైకి చదవండి, లేకపోతే సగం వాక్యంలో దమ్ము అయిపోతుంది.

పేజీల లెక్కన పంచుకోవద్దు. ఒక్కొక్కరి చరిత్ర ఒక్కరికే ఇవ్వండి, చిన్నవైతే రెండు మూడు కలిపి ఇవ్వండి. గడువు కూడా చెప్పండి, చెప్పకపోతే ఆ భాగం పండగల దాకా నడుస్తుంది.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, కాకపోతే ఫ్యాన్ ఆపి, దుప్పట్లు, బట్టలు ఉన్న చిన్న గదిలో, పక్కింటి కుక్కర్ కూతలు లేని వేళ చూసుకుని కూర్చోవాలి. తప్పు చదివితే ఆపకండి. చిటికె వేసి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చదవండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిటికె దగ్గర గీత పైకి లేచి కనిపిస్తుంది, కోసేయడం సులువు. శబ్దం తీసేసే ఫిల్టర్ మరీ ఎక్కువ వాడితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. లిబ్రివాక్స్ అడిగేది మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 128 కెబిపిఎస్ ఎంపీ3, 89 డెసిబెల్స్ దగ్గర వాల్యూమ్. పూర్తి భాగం చదివేముందు ఒక నిమిషం నమూనా పంపి చూపించుకుంటే తర్వాత తిరిగి చదివే బాధ తప్పుతుంది.

చదివినవారే సరిచూసుకుంటే తప్పులు కనపడవు, మనం చదవాలనుకున్నదే మనకి వినిపిస్తుంది. ఇంకొకరు పుస్తకం ముందుపెట్టుకుని వినాలి, "4:12 దగ్గర ఒక పంక్తి ఎగిరిపోయింది" అని సమయంతో సహా రాయాలి. ఉచ్చారణ మీద వాదన వస్తే పట్టికలో ఉన్నదే ఖాయం. యాస గురించి మాత్రం ఎవరినీ అనొద్దు, గోదావరి గొంతైనా కరీంనగర్ గొంతైనా మాట స్పష్టంగా ఉంటే సరిపోతుంది.