పిల్లల సైన్సు పుస్తకం కొనేముందు బొమ్మలు చూడండి

అట్ట చూసి మోసపోకండి. ముందు సాలీడు బొమ్మ తీయండి. ఎనిమిది కాళ్లూ తల, రొమ్ము కలిసిన ముందు భాగం నుంచే రావాలి. పొట్టకు అతికించి ఉంటే చిత్రకారుడు సాలీడును సరిగ్గా చూడలేదన్నమాట. చీమకు ఆరు కాళ్లు, అన్నీ నడిమి భాగానికే. పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి ఒకే మంచుగడ్డ మీద కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టేయండి. ఎలుగు ఉండేది ఉత్తర ధ్రువం వైపు, అక్కడ పెంగ్విన్లు లేవు.

ప్రయోగాలకు కొలతలుండాలి. ‘కొంచెం వెనిగర్’ అని రాస్తే పిల్లలు సీసా వంచేస్తారు. రెండు చెంచాల వెనిగర్, అర చెంచా వంటసోడా అని తేల్చి చెప్పాలి.

ఆరేడేళ్ల వాళ్లకైతే వరుసల మధ్య జాగా చూడండి. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలితే కూడబలుక్కోవడం కష్టం.