పండగ మిగులు కూరలతో మినప రొట్టె: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ముక్కనుమ పొద్దున్న విశాఖలో చాలా ఇళ్ల ఫ్రిజ్‌లో ఉండేవి ఇవే: సగం కోసిన గుమ్మడికాయ, గిన్నె అడుగున కలగలుపు కూర, కాస్త చిక్కుడుకాయ వేపుడు, కనుమ గారెలకి రుబ్బగా మిగిలిన పిండి. టిఫిన్‌కి ఆలస్యమై, భోజనానికి ఇంకా వేళ కానప్పుడు వీటన్నిటినీ కలిపి మూకుట్లో మందంగా రొట్టె వేసేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

కొలత: మూడు గ్లాసుల గారెల పిండికి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. రవ్వని గంట నానబెట్టి, నీరు లేకుండా గట్టిగా పిండేసి, గారెల పిండిలో కలపాలి. కూర ముక్కలు గ్లాసున్నర మించకూడదు. రెండు వాయలు వస్తాయి. గారెల పిండిలో, కూరలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి రుచి చూశాకే వేసుకోండి.

పైన ఎర్రగా కాలింది, లోపల పచ్చిగా ఉంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. అందరూ మంటని తప్పుపడతారు గానీ, చాలాసార్లు తప్పు కూరలోని నీటిది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న గుమ్మడి, సొర, వంకాయ ముక్కలు నీరు వదులుతాయి. ఆ నీరు ఆవిరయ్యేదాకా రొట్టె మధ్యభాగం ఉడకదు, ఈలోగా అడుగు మాడిపోతుంది. అందుకే కూరని ముందు ఖాళీ మూకుట్లో నాలుగైదు నిమిషాలు తిప్పండి. చుయ్యిమనే చప్పుడు తగ్గి, ముక్కలు గరిటెకి అంటుకోవడం మొదలైతే చాలు. చల్లారాక పిండిలో కలపండి. పచ్చి గుమ్మడికాయైతే కోరి, ఉప్పు రాసి, పది నిమిషాలాగి పిండేయాలి.

రెండో కారణం చల్లటి పిండి. ఫ్రిజ్‌లోంచి తీసి గంట బయట ఉంచాకే వేయండి.

ఇక సెగ. మందపాటి ఇనప మూకుట్లో మూడు చెంచాల నూనె కాగాక, పిండిని అంగుళం మందాన పరిచి, మూత పెట్టి, సన్న సెగ మీద పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. అంచు మూకుడు వదిలి, పైభాగం తడి ఆరాకే తిరగేయాలి. రెండో వైపు మూత లేకుండా ఎనిమిది నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. అంటిందా, మంట పెంచకండి, మళ్లీ మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి.

తిరగేస్తే ముక్కలైపోతోంది

కూర వాటా ఎక్కువైంది, లేదా మెత్తగా ముద్దైపోయింది. రెండు చెంచాల బియ్యప్పిండి, గుప్పెడు రవ్వ కలిపి ఇరవై నిమిషాలు ఆగండి. రవ్వ ఆ తడిని పీల్చుకుంటుంది. వెంటనే వేస్తే ఏమీ మారదు. చిక్కుడుకాయలు పొడుగ్గా ఉంటే రొట్టె వాటి దగ్గరే చీలుతుంది, చిన్నగా తరగండి.

అడుగు నల్లబడి చేదెక్కింది

బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు కలిపారన్నమాట. బెల్లం మాడటానికి ఎంతోసేపు పట్టదు. ఆ ముక్కలని మినప రొట్టెలో వేయొద్దు. పులుసు వడగట్టి, ముక్కలు మెదిపి, పట్టినంత బియ్యప్పిండి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి తపాళ చెక్కలా పల్చగా తట్టండి. మధ్యలో వేలితో కన్నాలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి సన్న సెగన కాల్చాలి. గుమ్మడి తీపికి పచ్చిమిర్చి కారం బాగా కుదురుతుంది. మా లెక్కలో రొట్టె కంటే ఇదే రుచి.

రొట్టె నూనె కారుతోంది

గుత్తి వంకాయ కలిపి ఉంటారు. దాని మసాలా నూనె అంతా పిండిలోకి దిగుతుంది. వంకాయలని విడిగా తీసి, రెండు ఎండుమిర్చి, చెంచాడు నువ్వులు వేయించి, కాస్త చింతపండుతో నూరండి. రొట్టెకి పచ్చడి తయారు. తీపి ఇష్టపడేవాళ్లకి అనకాపల్లి బెల్లం పాకం ఉండనే ఉంది.

నోరు దురద పెడుతోంది

కంద సరిగ్గా ఉడకలేదు. అందులోని సూదుల్లాంటి సన్నని స్ఫటికాలే దీనికి కారణం. రొట్టెలో కాలే వేడికి అది పోతుందనుకోవద్దు. ముక్కలని ముందే చింతపండు పులుసులో వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించి, నీరు వార్చి కలపండి.

పిండి పొంగలేదు

జనవరి రాత్రుల చలికి పులియడం మందగిస్తుంది. తొందరగా ఉంటే పులియనక్కర్లేదు, పిండిని చేత్తో ఒకే దిశలో ఐదు నిమిషాలు గిలక్కొట్టండి. నీళ్లలో వేసిన చుక్క తేలితే సరిపోయినట్టే. వంటసోడా వేస్తే పొంగుతుంది గానీ మినుము కమ్మదనం పోతుంది.

ఏది కలపకూడదు

జిగురు సాగుతున్నవి, పుల్లటి వాసన వస్తున్నవి, వండాక రెండు గంటలకి మించి బయటే ఉండిపోయినవి పారేయండి. వాసన రాలేదంటే బాగున్నట్టు కాదు. ఫ్రిజ్‌లో పెట్టినవి కూడా మూడు రోజుల్లో వాడేయాలి, అంటే భోగి నాటి కూరకి ముక్కనుమే ఆఖరు రోజు. కనుమ మాంసం గరిటె కూర గిన్నెలో పడిందేమో కూడా అడగండి, ఇంట్లో శాకాహారులుంటే అసలు గొడవ అక్కడే వస్తుంది.