విదేశీ ఆర్డరు వచ్చిందా? పొంగిపోయే ముందు ఇవి చూసుకోండి

ఏడాది చివరి కొనుగోళ్ల సీజను దగ్గరకొచ్చింది. ఆన్‌లైన్లో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకి బయటి దేశాల నుంచి ఎంక్వైరీలు పెరిగే కాలమిది. దొంగ ఎంక్వైరీలు పెరిగేదీ ఇప్పుడే. చేత్తో అల్లిన దుప్పట్లు అమ్మే ఒకావిడ, నాకు బాగా తెలిసిన మనిషి, ఈమధ్యే నిలువునా మునిగింది. పెద్ద ఆర్డరు. డబ్బు కార్డు మీద ముందే వచ్చేసింది. అవతలి మనిషి ఎంతో మర్యాదగా ఒకే ఒక్క సాయం అడిగాడు: "మా షిప్పింగ్ ఏజెంటు కార్డులు తీసుకోడు. అతనికివ్వాల్సింది కూడా కలిపి నా కార్డు మీదే తీసుకుని, మీరు అతనికి బ్యాంకు ద్వారా పంపెయ్యండి. మీ శ్రమకి కొంత ఎక్కువే వేసుకోండి."

ఆవిడ పంపింది. కొన్ని వారాలకి ఆ కార్డు అసలు యజమాని తన బ్యాంకుకి ఫిర్యాదు చేశాడు, వచ్చిన మొత్తం వెనక్కి పోయింది. దుప్పట్లు మాత్రం అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. వాటికోసం ఎవరూ రాలేదు. వాళ్లకి కావలసింది ఏజెంటుకి పంపిన డబ్బే గానీ దుప్పట్లు కాదు.

తెలియని లింకులు నొక్కొద్దు, పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దు లాంటివి ఇక్కడ రాయను. అవి మీకు తెలుసు.

అందరూ పడే గొయ్యి ఇదొక్కటే

ఇలాంటి మోసాల్లో వేషాలు మారుతున్నాయి గానీ మనవాళ్లు చేసే తప్పు మారడం లేదు. ఖాతాలో కనబడ్డ డబ్బు తమదైపోయిందనుకుని, అందులోంచి కొంత ఇంకొకరికి పంపడం. ఒకడు షిప్పింగ్ ఏజెంటుకి పంపమంటాడు. ఇంకొకడు "పొరపాటున ఎక్కువ కట్టేశాను, మిగతాది తిప్పి పంపండి" అంటాడు. మరొకడు దిగుమతి అనుమతి ఫీజు అంటాడు. ఎవడు ఏ పేరు చెప్పినా జరిగేది మాత్రం మీ చేత్తో మీ డబ్బు బయటికి పోవడమే.

డబ్బు రావడం వేరు, వచ్చిన డబ్బు నిలవడం వేరు. విదేశీ చెక్కు వేస్తే కొన్ని బ్యాంకులు కొద్ది రోజుల్లోనే జమ చూపిస్తాయి. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టొచ్చు. తేలిన మర్నాడు ఆ జమ ఉండదు. మీరు ఈలోపు ఖర్చుపెట్టేసి ఉంటే ఆ బాకీ బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. కార్డుదీ అదే కథ. వీసా, మాస్టర్‌కార్డుల్లో "ఈ కొనుగోలు నేను చెయ్యలేదు" అని చెప్పడానికి కార్డు యజమానికి మామూలుగా 120 రోజుల దాకా గడువుంటుంది. పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవలో 180 రోజులు. మీరు ఏజెంటుకి చేసిన బ్యాంకు బదిలీ మాత్రం అవతలి ఖాతాలో పడగానే ఖాళీ అయిపోతుంది. వచ్చేది వెనక్కి లాక్కోగలిగిన దారిలో వస్తుంది, పోయేది తిరిగిరాని దారిలో పోతుంది. దొంగ బతుకంతా ఆ తేడా మీదే.

నిజంగానే ఎక్కువ వచ్చిందనుకోండి. కార్డు చెల్లింపు మొత్తాన్ని అదే కార్డుకి రద్దు చేసి, సరైన మొత్తానికి కొత్తగా కట్టమనండి. కార్డు సంస్థల నియమం కూడా అదే, వాపసు ఏదైనా వచ్చిన కార్డుకే వెళ్లాలి. సిసలైన కస్టమరుకి ఇందులో ఇబ్బందేమీ ఉండదు. దొంగకైతే వెంటనే ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఆ కార్డు పోయిందంటాడు, ఆ ఖాతా మూసేశానంటాడు, మా చెల్లెలి ఖాతాకి పంపండి అంటాడు. అక్కడితో మాటలు ఆపెయ్యండి. బ్యాంకు బదిలీలో ఎక్కువొస్తే మీరు సొంతంగా తిప్పి పంపకండి. మీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి, వాళ్ల ద్వారానే వచ్చిన ఖాతాకి వెళ్లనివ్వండి. ఆ డబ్బు హ్యాక్ చేసిన ఇంకొకరి ఖాతాలోంచి వచ్చిందైతే మీ ఖాతా కూడా స్తంభించిపోవచ్చు.

ఇంకోసారి చెబుతున్నాను, విసుక్కోకండి. కస్టమరు డబ్బులోంచి మూడో మనిషికి చిల్లిగవ్వ కూడా పంపకండి. షిప్పింగ్ ఏజెంటుకి డబ్బివ్వడం అతన్ని పెట్టుకున్నవాడి పని.

మొదటి ఉత్తరంలో ఏం చూడాలి

ఇంగ్లీషు తప్పుల్ని బట్టి దొంగని పట్టే రోజులు పోయాయి. నిజంగా కొనేవాడు భాష రాక తడబడుతూ రాస్తాడు, దొంగ ఏఐతో నున్నగా రాయించుకుంటాడు. తప్పుల్ని వదిలేసి, ఏం అడుగుతున్నాడో చూడండి.

వాళ్ల ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది: "హలో, మీ షాపు నుంచి కొన్ని వస్తువులు ఆర్డరు చెయ్యాలనుకుంటున్నాను. మా దేశానికి పంపుతారా? ఏయే కార్డులు తీసుకుంటారు? త్వరగా తెలియజేయండి." మళ్లీ చదవండి. వస్తువు పేరు లేదు. రంగు, కొలత, లెక్క ఏదీ లేదు. దుప్పట్లు అమ్మేవాళ్లకీ బేరింగులు అమ్మేవాళ్లకీ ఒక్క అక్షరం మార్చకుండా పంపొచ్చు, పంపుతారు కూడా. వస్తువు సంగతి ఎత్తకముందే కార్డు సంగతి ఎత్తాడంటే అనుమానించాల్సిందే.

నిజమైన కస్టమరు ప్రశ్నలతో చంపుతాడు. ఆ నీలం దుప్పటి ఉతికితే బిగుసుకుపోతుందా, అంచు కుట్టిందా అల్లిందా, కస్టమ్స్ సుంకం ఎవరు కట్టుకోవాలి, వచ్చే నెల మొదటి వారానికి చేరుతుందా. వ్యాపారస్తుడైతే హెచ్‌ఎస్ కోడు (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) అడుగుతాడు, పెట్టె బరువు అడుగుతాడు, ధర ఎఫ్‌ఓబీయా (ఓడ ఎక్కించేదాకా) సీఐఎఫ్‌ఆ (ఓడ కిరాయి, బీమా కలిపి) అని అడుగుతాడు, ముందు చిన్న ఆర్డరు పెట్టి చూస్తానంటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా బేరమాడతాడు. బేరమాడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట గానీ ఈ విషయంలో మాత్రం వాళ్లే నయం. చెప్పిన ధరకి కిక్కురుమనకుండా ఒప్పుకుని, షిప్పింగ్ ఎంతైనా పరవాలేదనేవాడి దగ్గర ఆగండి.

ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చులేనిది. మీ దగ్గర లేని రకం గురించి జవాబులో అడగండి: "గుండ్రటి అంచుదా, నలుపలకలదా మీరు చూసింది?" అసలు మీరు గుండ్రటిది చెయ్యనే చెయ్యరు. పేజీ చూసినవాడు "గుండ్రటిది నాకు కనబడలేదే" అంటాడు. చూడనివాడు "గుండ్రటిది 40 పంపండి" అంటాడు.

పెద్ద కంపెనీల పేరుతో, విశ్వవిద్యాలయాల పేరుతో వచ్చే ఆర్డర్లు ఇంకో రకం. సరుకు ముందు పంపండి, 30 రోజుల్లో చెల్లిస్తాం అంటారు. ఆ సంస్థ నిజంగా ఉంటుంది, ఆ కొనుగోలు అధికారి పేరు కూడా నిజమే. ఉత్తరం రాసినవాడే వేరు. మెయిల్ చిరునామాని అక్షరం అక్షరం చదవండి: చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చూపుకి ఎమ్‌లాగే ఉంటుంది. చివరి డాట్ తర్వాత ఏముందో చూడండి. ఆ డొమైన్ (చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) ఎప్పుడు రిజిస్టరైందో హూఈజ్‌లో, అంటే డొమైన్ల వివరాలు చూపించే సేవలో, వెతకండి. ముప్ఫై ఏళ్ల కంపెనీకి మూడు వారాల డొమైన్ ఉండదు. ఆ తర్వాత ఫోను చెయ్యండి. ఉత్తరం కింద ఉన్న నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు కాబట్టి, ఆ సంస్థ అసలు వెబ్‌సైటు మీరే వెతికి అక్కడున్న నంబరుకి చెయ్యండి.

డబ్బు ఏ దారిలో వస్తోంది

కార్డయితే త్రీడీ సెక్యూర్ (కట్టేది కార్డు యజమానేనా అని బ్యాంకు నిర్ధారించుకునే పద్ధతి) తప్పనిసరి చేసుకోండి. కార్డు యజమాని ఓటీపీ లాంటిదానితో నిర్ధారించిన చెల్లింపు తర్వాత దొంగదని తేలితే, ఆ నష్టం మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి పోతుంది. అది లేకపోతే మీ నెత్తినే. కార్డు నంబరులో మొదటి 6 లేక 8 అంకెలు ఏ దేశపు బ్యాంకుదో చెబుతాయి, చాలా పేమెంట్ గేట్‌వేలు (మీ తరఫున కార్డు డబ్బు తీసుకునే సేవలు) ఆ వివరం చూపిస్తాయి. కార్డు ఒక దేశానిది, బిల్లింగ్ చిరునామా ఇంకో దేశానిది, సరుకు మూడో దేశానికి అంటే కారణం అడగండి. వరసగా నాలుగు కార్డులు ఫెయిలై ఐదోది పనిచేసిందంటే కారణం కూడా అడగక్కర్లేదు, రద్దు చెయ్యండి.

పేపాల్ నుంచి వచ్చినట్టుండే మెయిల్: "డబ్బు వచ్చింది, మీరు ట్రాకింగ్ నంబరు ఇచ్చాక విడుదల చేస్తాం." ఆ మెయిల్లోంచి ఎక్కడికీ వెళ్లకండి, మీ ఖాతాలోకి మీరే లాగిన్ అయి చూడండి. అక్కడ కనబడకపోతే రానట్టే. వచ్చినా, ఆ చెల్లింపు వివరాల్లో ఉన్న చిరునామాకే పంపండి. వేరే చిరునామాకి పంపితే సెల్లర్ ప్రొటెక్షన్, అంటే అమ్మేవాళ్లకి పేపాల్ ఇచ్చే రక్షణ, పోతుంది.

బ్యాంకు బదిలీ చేశానని స్విఫ్ట్ కాపీ (విదేశీ బదిలీకి బ్యాంకు సందేశం నకలు) పంపేవాళ్లున్నారు. ఆ కాగితం ఎవరైనా తయారుచేస్తారు. యూఈటీఆర్ అని ఆ బదిలీని గుర్తుపట్టడానికి గీతలతో కలిపి 36 అక్షరాల నంబరు ఒకటుంటుంది, అది మీ బ్యాంకుకి ఇచ్చి డబ్బు ఎక్కడుందో వెతికించండి. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, సరైన కాగితాలు చూపితే డబ్బిస్తామని కస్టమరు బ్యాంకు ఇచ్చే హామీ) కాగితం కస్టమరు నేరుగా మీకు పంపితే పక్కన పడెయ్యండి. అది మీ బ్యాంకు ద్వారా మీకు తెలియాలి. 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 (ఎల్‌సీలకి వాడే అంతర్జాతీయ నియమాలు) ప్రకారం, ఎల్‌సీ వచ్చిందని మీకు తెలియజేసే బ్యాంకు అది పైకి అసలుదేనా అని సరిచూసుకోవాలి. కాబట్టి ఆ పని వాళ్లకే వదిలెయ్యండి.

విమానంలో పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎయిర్ వేబిల్లు, అంటే విమాన రవాణా రసీదు, సరుకు మీద హక్కు పత్రం కాదు. దానిమీద సరుకు అందుకోవాల్సినవాళ్లుగా ఎవరి పేరుందో వాళ్లు మీ అసలు కాగితాలేమీ లేకుండానే సరుకు తీసుకుపోగలరు. డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టాం కదా, డబ్బు కట్టాకే విడిపించుకుంటాడని ధీమాగా కూర్చుని మునిగినవాళ్లున్నారు. కొత్తవాడికి విమానంలో అప్పు మీద పంపకండి.

ఇక మిగిలినవి

దొంగ ఫోనుకి దొరకడు. వినికిడి లేదంటాడు, ఓడలో ఉన్నానంటాడు, ఆపరేషనైందంటాడు. వీడియో కాల్ అన్నాక మాయమైతే మంచిదే.

పర్చేజ్ ఆర్డరని వచ్చే జిప్ ఫైలు తెరవొద్దు. పేరు మధ్యలో పీడీఎఫ్ అని ఉండి చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే అది కాగితం కాదు, కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం; అసలే వద్దు. ఆర్డరు చూడ్డానికి మెయిల్ పాస్‌వర్డు కొట్టమనే పేజీ వస్తే మూసెయ్యండి.

ఉచిత శాంపిల్ పంపొద్దు. కనీసం కొరియర్ ఖర్చయినా పెట్టుకోమనండి.

పార్సిల్ బయల్దేరాక చిరునామా మార్చమంటే మార్చొద్దు. సరుకు అందుకోవాల్సినవాడు మధ్యలో దారి మళ్లించకుండా ఆపే వీలుందేమో కొరియర్‌ని ముందే అడగండి.

కస్టమరు పంపిన షిప్పింగ్ లేబులు పార్సిల్ మీద అతికించొద్దు.

పాత కస్టమరు ఉన్నట్టుండి బ్యాంకు వివరాలు మార్చాడా? పాత నంబరుకి ఫోన్ చెయ్యండి. మీ బ్యాంకు వివరాలు మారాయని మీ పేరుతో అతనికి మెయిల్ వెళ్లిందేమో అదీ అడగండి.

రెండు చిన్న ఆర్డర్లు సరిగ్గా డబ్బు కట్టి, మూడోది పదింతలు పెద్దది, అప్పు మీద. వద్దు.

ఒప్పందం మీద సంతకానికి మా దేశం రండి, నోటరీ ఫీజు మీరు కట్టండి, అధికారులకి కానుకలు తెండి అంటారు. వెళ్లొద్దు.

మీ బ్రాండు పేరుతో ఇంకెవరో డొమైన్ తీసుకుంటున్నారు, వారంలో జవాబివ్వకపోతే పోతుంది అని మెయిల్ వస్తుంది. జవాబివ్వొద్దు.

"ఈరోజే పంపాలి." ఈరోజు పంపొద్దు.

ఎక్కువ వచ్చిందా? వచ్చిన దారినే రద్దు. ఏజెంటుకి పంపమన్నాడా? పంపొద్దు. సగం పంపమన్నాడా? సగం కూడా వద్దు. మీ కమిషను మీరు ఉంచుకోమన్నాడా? అది ఎర.

ఇప్పటికే పంపేశారా? ఇది చదవడం ఆపి బ్యాంకుకి ఫోన్ చెయ్యండి, ఆ బదిలీని రీకాల్ చెయ్యమనండి, అంటే వెనక్కి రప్పించమనండి. గంట ఆలస్యమైనా దొరికే అవకాశం తగ్గుతుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకోవద్దు. మెయిళ్లు, చాట్లు చెరపొద్దు, పోలీసులకి కావాలి. ఆ తర్వాత కొన్నాళ్లకి "మీరు పోగొట్టుకున్న డబ్బు రాబట్టి పెడతాం, ముందు కొంచెం ఫీజు కట్టండి" అని ఇంకొకడు వస్తాడు. చాలాసార్లు వాడు ఆ ముఠావాడే, మీ నంబరు వాళ్ల జాబితాలోదే. వాడికీ ఏమీ పంపొద్దు.