పేరు తెలియని ఫెర్రైట్ కోర్: నానోవీఎన్ఏ కొలతలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

పాత బోర్డులోంచి ఊడదీసిన నల్లటి రింగు మీద ఏ గుర్తూ ఉండదు. 43 రకమా, 61 రకమా (ఇవి ఫెర్రైట్ అనే అయస్కాంత సిరామిక్‌లోని రకాల నంబర్లు), అసలు ఫెర్రైటేనా అన్నది కంటితో చూసి చెప్పలేం. రింగుకు తీగ చుట్టి, నానోవీఎన్ఏ (రకరకాల ఫ్రీక్వెన్సీల దగ్గర ఇంపెడెన్స్ కొలిచే చిన్న పరికరం)తో తేల్చుకోవచ్చు. అయితే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్క అంకె చూసి పేరు పెట్టేస్తే మాత్రం తప్పులో కాలేసినట్టే.

తక్కువ ఫ్రీక్వెన్సీలో అంకె గంతులేస్తోంది

చుట్లు చాలలేదు. ఒక చుట్టుకు 440 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఇచ్చే కోర్ అనుకుందాం. ఒకే చుట్టుతో 100 కిలోహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ (ఏసీకి కాయిల్ చూపే అడ్డు) 0.28 ఓమ్. 50 ఓమ్‌ల దగ్గర బాగా కొలిచే పరికరానికి అది దాదాపు షార్టే. 5 చుట్లు వేయండి. ఇండక్టెన్స్ 25 రెట్లు పెరిగి 11 మైక్రోహెన్రీలవుతుంది, 500 కిలోహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ 35 ఓమ్‌లకు చేరుతుంది. అంకె కుదురుకుంటుంది.

విలువ ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వస్తోంది

ముందు చుట్లు మళ్లీ లెక్కపెట్టండి. తీగ రంధ్రంలోంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లు. బయటి అంచున లెక్కపెట్టి 5ని 4 అనుకుంటే, వచ్చిన ఇండక్టెన్స్‌ను చుట్ల వర్గమైన 25 బదులు 16తో భాగిస్తాం.

చిన్న ఐరన్ పౌడర్ కోర్ అనుకున్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది

ఇక్కడ తప్పు తీగ కొసలది. టీ50-2 అనే ఐరన్ పౌడర్ (ఇనుప పొడి) కోర్ మీద 5 చుట్లకు వచ్చేది దాదాపు 122 నానోహెన్రీలే. కొసలు రెండూ కలిపి 5 సెంటీమీటర్లుంటే అవే సుమారు 50 నానోహెన్రీలు కలుపుతాయి! కోర్‌ను అతికించే చోటే ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్ పెట్టి కాలిబ్రేషన్ (పరికరాన్ని సరిచూసుకోవడం) చేయండి. కేబుల్ చివర చేసిన కాలిబ్రేషన్ ఈ పనికి చాలదు. కొసలు పొట్టిగా కత్తిరించండి.

ఇండక్టెన్స్ పైకి పాకి, ఒక్కసారిగా నెగటివ్ అయింది

చుట్ల మధ్య కెపాసిటెన్స్‌తో కాయిల్ రెజొనెన్స్‌కు వచ్చింది. అది మీ చుట్ల వల్ల వచ్చింది, కోర్ రకాన్ని చెప్పదు. చుట్లు రెండు మూడుకు తగ్గించి, ఎడంగా పరిచి మళ్లీ చూడండి.

లెక్క రెండు రకాలకూ సరిపోతోంది

అసలు పరీక్ష ఇదే. రింగును వెర్నియర్‌తో కొలవండి. బయటి వ్యాసాన్ని లోపలి వ్యాసంతో భాగించి నేచురల్ లాగ్ తీయండి. దాన్ని మిల్లీమీటర్లలో మందంతో, చుట్ల వర్గంతో, 0.2తో గుణించండి. నానోహెన్రీలలో వచ్చిన ఇండక్టెన్స్‌ను ఆ ఫలితంతో భాగిస్తే పర్మియబిలిటీ (కోర్ ఇండక్టెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) వస్తుంది. 12.7, 7.15 మి.మీ. వ్యాసాలు, 4.8 మి.మీ. మందం ఉన్న రింగు మీద 5 చుట్లకు 11 మైక్రోహెన్రీలు వస్తే జవాబు 798. అంటే 800 ఉండే 43 రకం కావచ్చు.

"కావచ్చు" అనే అంటున్నాను, ఎందుకంటే ఫెర్రైట్‌లో 20 శాతం తేడా మామూలే. 31 రకానికి 1500, 77 రకానికి 2000 అని రాసి ఉన్నా, ఆ తేడాతో రెండూ 1700 దగ్గర కలిసిపోతాయి. అందుకే నేను వక్రరేఖనే ఎక్కువ నమ్ముతాను. సిరీస్ రెసిస్టెన్స్‌నూ రియాక్టెన్స్‌నూ కలిపి చూస్తూ ఫ్రీక్వెన్సీ పెంచండి. రెసిస్టెన్స్ రియాక్టెన్స్‌ను దాటే చోటును నోట్ చేసుకోండి. 43లో అది కొద్ది మెగాహెర్ట్జ్ దగ్గరే వస్తుంది. పర్మియబిలిటీ 125 ఉండే 61లో పదుల మెగాహెర్ట్జ్ దాకా రాదు.

మల్టీమీటర్ కూడా సాయపడుతుంది. పూత లేని చోట ప్రోబ్‌లు ఆనించండి. కిలో ఓమ్‌లలో చూపిస్తే 31, 77 లాంటి మాంగనీస్-జింక్, ఏమీ చూపకపోతే 43, 61 లాంటి నికెల్-జింక్ అయ్యే అవకాశం ఎక్కువ.

వెయ్యి ఓమ్‌లు దాటగానే రెసిస్టెన్స్ నమ్మబుద్ధి కావడం లేదు

ఎస్11 కొలత (ఒకే పోర్టులోకి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్‌ను చూసేది) అక్కడ బలహీనపడుతుంది. కాయిల్‌ను రెండు పోర్టుల మధ్య సిరీస్‌లో పెట్టి ఎస్21 (మొదటి పోర్టు నుంచి రెండోదానికి చేరే సిగ్నల్ నిష్పత్తి) తీసుకోండి. 1ని ఎస్21తో భాగించి, అందులోంచి 1 తీసేసి, 100తో గుణిస్తే ఇంపెడెన్స్ (రెసిస్టెన్స్, రియాక్టెన్స్ కలిసిన మొత్తం అడ్డు) వస్తుంది. ఫేజ్‌తో సహా లెక్కించాలి, డెసిబెల్ అంకె ఒక్కటే వాడితే కుదరదు.

రకం తెలిసిన కోర్ అదే సైజులో ఉంటే, అన్నే చుట్లు వేసి రెండు వక్రరేఖలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి.