కాలాలు వేరైన బాస్కెట్‌బాల్ దిగ్గజాలను పోల్చడం: మూడవ పాఠం – వాటా లెక్క

గత పాఠం చివర బిల్ రసెల్ ఎన్ని షాట్లను అడ్డుకున్నాడో పట్టికల్లో వెదకమని అడిగాను. వెదికినవారికి ఖాళీ గడి మాత్రమే కనిపించి ఉంటుంది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ బ్లాకులనూ (అడ్డుకున్న షాట్లు) స్టీళ్లనూ (ప్రత్యర్థి నుంచి లాక్కున్న బంతులు) అధికారికంగా లెక్కించడం 1973-74 సీజన్‌లో మొదలైంది. రసెల్ 1969లోనే ఆట విరమించాడు. ఖాళీ గడిని సున్నాగా చదవకూడదన్నదే ఆ అభ్యాసం ఉద్దేశం. ఇక లెక్క రాసి ఉన్న గడులను ఎలా చదవాలో ఈ పాఠంలో చూద్దాం.

తిరుమలకు అలిపిరి దారిలో సుమారు 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2388 మెట్లు ఉన్నాయి. రెండు దారుల్లో ఎక్కిన ఇద్దరు కొండపైన కలుసుకుని, ఎన్ని గంటల్లో వచ్చామన్న ఒక్క మాటతో గొప్పలు చెప్పుకుంటే, తిరుపతిలో పుట్టినవాడెవడైనా ముందు అడిగేది ‘ఏ దారిన వచ్చారు?’ అనే. ఆటగాడి సంఖ్యను చూసినప్పుడు కూడా అదే ప్రశ్న వేయాలి: ఆ కాలంలో అలాంటి అవకాశాలు మొత్తం ఎన్ని ఉండేవి, వాటిలో ఇతని వాటా ఎంత?

రీబౌండ్లతో, అంటే తప్పిన షాట్ తరువాత బంతిని చేజిక్కించుకోవడంతో మొదలుపెడదాం. 1961-62లో విల్ట్ చాంబర్లిన్ సగటున మ్యాచ్‌కు 25.7 రీబౌండ్లు తీశాడు. 1991-92లో డెన్నిస్ రాడ్‌మన్ తీసినవి 18.7. పైపైన చూస్తే చాంబర్లిన్‌కు పోటీయే లేదు. అయితే 1961-62లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున దాదాపు 108 షాట్లు వేసి, వాటిలో 43 శాతం లోపే బుట్టలో వేయగలిగింది; అంటే అరవైకి పైగా షాట్లు తప్పిపోయేవి. 1991-92 నాటికి షాట్లు 87కు తగ్గి, గురి 47 శాతానికి పెరిగింది కాబట్టి తప్పినవి 46 మాత్రమే. షాట్ తప్పితేనే కదా రీబౌండ్ పుట్టేది! అందుకే లీగ్‌లో జట్టు సగటు రీబౌండ్లు మొదటి సీజన్‌లో సుమారు 71 కాగా, రెండవ సీజన్‌లో 44కు కాస్త తక్కువ. ఇప్పుడు భాగించండి. చాంబర్లిన్ రీబౌండ్లు ఒక జట్టు సగటులో 36 శాతం, రాడ్‌మన్‌వి 42 శాతానికి పైన. పైగా చాంబర్లిన్ కోర్టులో ఉన్నది మ్యాచ్‌కు 48.5 నిమిషాలు, రాడ్‌మన్ ఉన్నది దాదాపు 40. ఎత్తులో చాంబర్లిన్ కంటే చాలా పొట్టి అయిన రాడ్‌మన్‌ను ఈ ఒక్క పనిలో ముందు నిలపడానికి నాకు సంకోచం లేదు.

ఈ పద్ధతి పాతవారిని తగ్గించడానికే పుట్టిందని అనుకోకండి. పాయింట్ల దగ్గర దీని తీర్పు మరోలా ఉంటుంది. అదే 1961-62లో చాంబర్లిన్ సగటు 50.4 పాయింట్లు, జట్టు సగటు 118.8, అంటే 42 శాతం. 1986-87లో మైకేల్ జోర్డాన్ సగటు 37.1, జట్టు సగటు 109.9, అంటే 34 శాతం లోపు. వేగాన్ని తీసివేసిన తరువాత కూడా చాంబర్లిన్ ముందే ఉన్నాడు, ఆనాటి ఆట పరుగు మీద నడిచింది కాబట్టే అన్ని పాయింట్లు వచ్చాయన్న వాదన ఇక్కడ సగమే నిలుస్తుంది.

మిగిలిన సగం నిమిషాలలో ఉంది. మ్యాచ్ నిడివి 48 నిమిషాలు కాగా చాంబర్లిన్ సగటు 48.5 కావడానికి కారణం అదనపు సమయం ఆడిన మ్యాచ్‌లు. ఆ సీజన్ మొత్తంలో అతడు కోర్టు బయట ఉన్నది 8 నిమిషాలే. జోర్డాన్ ఆడినది సగటున 40 నిమిషాలు. చాంబర్లిన్ పాయింట్లను 40 నిమిషాలకు కుదిస్తే సుమారు 41.6 వస్తాయి, అప్పుడు వాటా 35 శాతానికి దిగుతుంది. ఇద్దరి మధ్య మిగిలే తేడా ఒక శాతానికి కాస్త ఎక్కువ.

నిమిషాలతో భాగించే ఈ పద్ధతిని మాత్రం నేను జాగ్రత్తగా వాడతాను. అలసట ఎరుగకుండా మ్యాచ్ మొత్తం ఆడగలగడం కూడా ఆటగాడి శక్తే కదా, దానిని భాగహారంతో తుడిచివేయడం న్యాయం కాదు. కాబట్టి నిమిషాలతో భాగించిన వాటాను, భాగించని వాటాను పక్కపక్కనే రాసుకోండి. ఒకదానిని దాచి మరొకదానితో వాదించడం వకీలు పని.

వాటా లెక్కకు ఒక హద్దు ఉంది. 1961-62లో లీగ్‌లో ఉన్నవి 9 జట్లే, ఇప్పుడు 30. ప్రత్యర్థుల స్థాయి ఎంత అన్నది శాతంలో కనిపించదు. రసెల్ 13 సీజన్లలో గెలిచిన 11 టైటిళ్లను తూచేటప్పుడు నాలుగవ పాఠంలో ఆ చిక్కును పట్టుకుందాం.

అభ్యాసం: మీ ఊరి కోర్టులో రెండు సాయంత్రాలు కూర్చుని, ఒక్కో మ్యాచ్‌లో ఒక జట్టు మొత్తం పాయింట్లు, అందులో మీరు ఎంచుకున్న ఒక్క ఆటగాడి పాయింట్లు, అతడు కోర్టులో ఉన్న నిమిషాలు రాసుకోండి. వాటాను రెండు విధాలుగానూ కట్టి, ఏ సాయంత్రం అతడు బాగా ఆడాడో నిర్ణయించండి. ఆ తరువాతే అతణ్ణి అడిగి చూడండి.