ప్యాచ్ పెట్టాక వేగం పెరిగింది, కాసేపటికి గెస్ట్ మూగబోయింది

వర్చువల్ మెషీన్ (గెస్ట్) నుంచి ప్యాకెట్ బయటికి వెళ్లే దారిలో ఒక కాపీ తగ్గించామనో, ఒక ఇంటరప్ట్ తప్పించామనో చెప్పే కెర్నల్ ప్యాచ్ సమీక్షకు వస్తే నేను మొదట దానితో పంపిన అంకెలు చూడను. "ఈ బఫర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు తిరిగి వస్తుంది?" అని అడుగుతూ కోడ్ చదువుతాను. గెస్ట్ వైపు నెట్‌వర్క్ డ్రైవర్ అయిన వర్ట్‌ఐఓ నెట్, హోస్ట్ కెర్నల్‌లో దాని జంట అయిన వీహోస్ట్ నెట్ భాగాల్లో పరీక్ష సమయంలో ఏ లక్షణం కనిపిస్తే ప్యాచ్‌లో ఎక్కడ వెతకాలో కింద రాస్తున్నాను.

సమస్య: ఒక గమ్యం నిద్రపోతే గెస్ట్ మొత్తం పంపడం మానేసింది

జీరో కాపీ ప్యాచ్‌లలో ఇది తరచుగా వచ్చే జబ్బు. హోస్ట్ (గెస్ట్‌లను నడిపే అసలు యంత్రం) మీద 'అ', 'ఆ' అనే రెండు గెస్ట్‌లు ఉన్నాయనుకోండి. 'ఆ'ని కాసేపు ఆపి ఉంచితే, 'అ' నుంచి బయటి నెట్‌వర్క్‌కు వెళ్లే ప్యాకెట్లు కూడా ఆగిపోతాయి.

కారణం: జీరో కాపీలో హోస్ట్ కెర్నల్ డేటాను తన దగ్గరికి తెచ్చుకోదు. గెస్ట్ పేజీలను కదలకుండా పట్టి ఉంచి, ప్యాకెట్‌ను వాటి మీదే నిర్మిస్తుంది. ఆ ప్యాకెట్ విడుదలైనప్పుడే డిస్క్రిప్టర్ (బఫర్ ఎక్కడుందో చెప్పే నమోదు) గెస్ట్‌కు తిరిగి వెళ్తుంది. 'ఆ' చదవకపోతే, 'అ' నుంచి వచ్చి దాని క్యూలో పడిన ప్యాకెట్ విడుదల కాదు. పైగా జీరో కాపీ పూర్తయిన సమాచారాన్ని వీహోస్ట్ వరుస తప్పకుండా చెబుతుంది కాబట్టి, ముందున్న ఒక్కటి చిక్కుకుంటే వెనక పూర్తయినవన్నీ దాని కోసం కాచుకోవాల్సిందే. గెస్ట్, హోస్ట్ డిస్క్రిప్టర్లు ఇచ్చిపుచ్చుకునే రింగ్‌లో 256 స్థానాలే ఉంటే అవి నిండడానికి ఎంతో సేపు పట్టదు.

పరిష్కారం: ప్యాకెట్ ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేని ప్రతిచోటా, అంటే ట్యాప్ (గెస్ట్‌ను హోస్ట్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ పరికరం) క్యూలోకి ఎక్కే ముందు, హోస్ట్‌లోని సాకెట్‌కు అందించే ముందు, డేటాను కెర్నల్ సొంత పేజీల్లోకి కాపీ చేసి గెస్ట్ పేజీలను వదిలేయాలి. ఆ పని చేసే ఫంక్షన్ పేరు ఎస్‌కేబీ ఆర్ఫన్ ఫ్రాగ్స్. ప్యాచ్ కొత్త దారి తెరిచిందంటే ఆ దారిలో ఈ పిలుపు ఉందో లేదో చూడండి. లేకపోతే ప్యాచ్‌ను వెనక్కి పంపడానికి ఆ ఒక్క కారణం చాలు. 'ఆ'ని ఆపి 'అ'ని పరీక్షించిన ఫలితం కూడా అడగండి. ఈ పరీక్ష చేసి పంపేవారు తక్కువ.

పెద్ద ప్యాకెట్లకు లాభం, చిన్నవాటికి నష్టం

పేజీని పట్టి ఉంచడానికి, వదలడానికి అయ్యే ఖర్చు చిన్న ప్యాకెట్ విషయంలో కాపీ ఖర్చును మించిపోతుంది. వీహోస్ట్ నెట్ 256 బైట్ల కన్నా చిన్నవాటిని నేరుగా కాపీ చేసేది అందుకే. 64 కిలోబైట్ల ముక్కలతో కొలిచిన అంకెలే పంపితే, 64 బైట్ల ప్యాకెట్లతో కొలిచినవీ, వీహోస్ట్ త్రెడ్ వాడిన సీపీయూ లెక్కా అడగాలి. 2011లో కెర్నల్‌లోకి వచ్చిన ఈ జీరో కాపీని 2019లో డిఫాల్ట్‌గా ఆపేశారన్న సంగతి రచయితకు గుర్తుచేయడం తప్పు కాదు.

సమస్య: అప్పుడప్పుడు, ఏ ఎర్రర్ లేకుండా, ప్రవాహం నిలిచిపోతుంది

రోజంతా నడిపితే ఒకసారి వస్తుంది, డీబగ్ సందేశాలు పెడితే మాయమవుతుంది. అలా అయితే మెమరీ బ్యారియర్‌ను (చదవడం, రాయడం వరుస మారకుండా ఆపే ఆదేశాన్ని) అనుమానించండి.

గెస్ట్ డ్రైవర్ చేసే పనుల వరుస ఇది: డిస్క్రిప్టర్ రాయడం, రైట్ బ్యారియర్, అవైలబుల్ ఇండెక్స్ (ఎన్ని డిస్క్రిప్టర్లు సిద్ధం చేశామో చెప్పే లెక్క) పెంచడం, పూర్తి బ్యారియర్, చివరగా "హోస్ట్‌ను లేపాలా?" అని చదవడం. హోస్ట్ వైపు దీని అద్దం ఉంటుంది: "నన్ను లేపు" అని రాయడం, పూర్తి బ్యారియర్, ఇండెక్స్ మళ్లీ చదవడం. రెండు వైపుల్లో ఒక్కచోట పూర్తి బ్యారియర్ తీసేసినా, లేపక్కర్లేదని గెస్ట్, పనేమీ లేదని హోస్ట్ ఒకే క్షణంలో అనుకోగలవు. రాసినది బయటపడక ముందే తర్వాతి చదువు జరిగిపోవడం ఎక్స్86 మీద కూడా ఉంది కాబట్టి రైట్ బ్యారియర్‌తో సరిపెట్టడం కుదరదు.

లేపాలా వద్దా అని ఒక్క గుర్తుతో చెప్పే ఫ్లాగ్ పద్ధతిలో అయితే తర్వాతి ప్యాకెట్ ఆ తప్పును సరిచేస్తుంది, మనకు చిన్న ఆలస్యంగానే కనిపిస్తుంది. ఏ స్థానం దగ్గర లేపాలో ముందే చెప్పే ఈవెంట్ ఇండెక్స్ పద్ధతిలో గుర్తు పెట్టిన స్థానం దాటిపోయాక గెస్ట్ మళ్లీ లేపదు. నిద్ర శాశ్వతం.

బ్యారియర్ పేరు కూడా చూడాలి. ఎస్ఎంపీ అని మొదలయ్యే బ్యారియర్లు ఒకే ప్రాసెసర్ కోసం కట్టిన గెస్ట్ కెర్నల్‌లో కంపైలర్‌కే పరిమితమవుతాయి, అవతల హోస్ట్‌కు మాత్రం చాలా ప్రాసెసర్లు ఉంటాయి. వర్ట్ అని మొదలయ్యేవి 2016లో వచ్చింది ఈ ఇబ్బంది తీర్చడానికే.

ప్రతిసారీ సుమారు 65 వేల ప్యాకెట్ల దగ్గరే ఆగితే అది బ్యారియర్ కాదు. ఇండెక్స్ 16 బిట్లది, 65,535 తర్వాత సున్నాకు తిరుగుతుంది. రెండు ఇండెక్స్‌ల తీసివేత ఫలితాన్ని ఎవరో 32 బిట్లలో పోల్చి ఉంటారు.

పింగ్ వెళ్తోంది, డీహెచ్‌సీపీ చిరునామా మాత్రం రావడం లేదు

గెస్ట్ చెక్‌సమ్‌ను (ప్యాకెట్ చెడిపోలేదని చూసుకునే లెక్కను) పూర్తి చేయకుండా, తర్వాత ఎవరైనా నింపుతారని వదిలేస్తుంది. ప్యాకెట్ హోస్ట్ దాటకపోతే నింపేవారు ఉండరు. రా సాకెట్ మీద (ప్యాకెట్‌ను ఉన్నది ఉన్నట్టుగా) చదివే డీహెచ్‌సీపీ క్లయింట్, అంటే నెట్‌వర్క్ చిరునామా అడిగే ప్రోగ్రామ్, సొంతంగా లెక్క చూసుకుని ప్యాకెట్‌ను పారేస్తుంది. వర్ట్‌ఐఓ హెడర్‌లోని 'చెక్‌సమ్ కావాలి' గుర్తును ప్యాచ్ మధ్యలో ఎక్కడ పోగొట్టిందో వెతకండి. ప్యాకెట్ క్యాప్చర్‌లో మ్యాక్ చిరునామా రెండు బైట్లు పక్కకు జరిగి కనిపిస్తే, ఒకరు 10 బైట్ల హెడర్, మరొకరు 12 బైట్ల హెడర్ అనుకున్నారన్నమాట.

సమస్య: ఒక గెస్ట్ ట్రాఫిక్ పెరిగితే వీహోస్ట్ త్రెడ్ 100 శాతం సీపీయూ దగ్గర ఉండిపోతుంది

వీహోస్ట్ ఒక విడతకు 5,24,288 బైట్లు లేదా 256 ప్యాకెట్లు దాటకూడదని లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క లూప్ చివర ఉండి, మధ్యలో చెడ్డ ప్యాకెట్ ఎదురైనప్పుడు 'కంటిన్యూ' అంటూ మొదటికి దూకితే లెక్క జరగదు. సీవీఈ-2019-3900 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం ఇలాంటి అంతులేని లూపే. లూప్‌ను డూ-వైల్‌గా మార్చి, లెక్కను షరతులోనే పెట్టడంతో అది తీరింది, ఎందుకంటే డూ-వైల్‌లో 'కంటిన్యూ' కూడా షరతు గుండానే వెళ్లాలి. కొత్త ప్యాచ్ దాన్ని "చదవడానికి తేలికగా" మళ్లీ అంతులేని ఫర్ లూప్‌గా మారిస్తే ఒప్పుకోకండి.