పాత అతుకును విప్పే ముందు అది ఏ బంకో తేల్చుకోండి

మ్యూజియం స్టోర్‌లో ఎప్పుడో అతికించిన కుండ చేతికొస్తే, ఆ అతుకు పచ్చబడి వికారంగా ఉంటే, వెంటనే విప్పేసి శుభ్రంగా మళ్లీ అతికిద్దామనిపిస్తుంది. ఆగండి. బంక ఏదో తెలియకుండా అసిటోన్ దూది అద్దితే, కరిగిన బంక ఆ కుండ మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక వదలకపోవచ్చు.

ముందు టార్చ్ పట్టుకోండి. వెలుగు కుండ మీద ఏటవాలుగా పడాలి, అప్పుడే అసలు మట్టికీ పూసిన ముద్దకీ మధ్య గట్టు నీడగా తేలుతుంది. పగులు వెంట్రుకంత ఉన్నా దాన్ని దాచడానికి వేసిన పెయింట్ రెండు వైపులా బాగా దూరం పాకి ఉంటుంది, పాత రిపేర్లలో ఇది మామూలే. లోపలి వైపు తప్పకుండా చూడండి. బయట అందంగా సర్దినవాళ్లు లోపల కారిన బంకను చాలాసార్లు అలాగే వదిలేస్తారు, మీకు కావాల్సిన నమూనా అక్కడే దొరుకుతుంది.

తర్వాత గది చీకటి చేసి, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకుని, 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కిరణాల) టార్చ్ వేయండి. నేను చూసిన ఒక పింగాణీ గిన్నెలో అతుకు గీత మామూలు వెలుతురులో ముదిరిన బెల్లం పాకంలా ఉంది, అంతా ఒకే రిపేర్ అనుకున్నాను. యూవీలో గీత నిప్పు కణికలా నారింజ రంగులో వెలిగింది, అంచు దగ్గర రెండంగుళాల మేర మాత్రం పాలలాంటి నీలి తెలుపు. నారింజ అంటే షెల్లాక్, అంటే మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే, శుద్ధి చేసి పల్చటి రేకులుగా తీసినది. నీలి తెలుపు ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే కృత్రిమ బంక, అయ్యుండొచ్చు. పాత అతుకు ఒకచోట ఊడితే తర్వాత ఇంకెవరో మళ్లీ అతికించారన్నమాట. కానీ యూవీ రంగు ఆధారం మాత్రమే, రుజువు కాదు. తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక కూడా నీలి తెలుపుగానే కనిపిస్తుంది.

అందుకే చుక్క పరీక్ష. స్కాల్పెల్‌తో (ఆపరేషన్లలో వాడే సన్నటి కత్తి) ఆవగింజలో సగమంత బంక తీసి గాజు పలక మీద పెట్టండి, పరీక్ష ఎప్పుడూ ఆ రేణువు మీదే, వస్తువు మీద కాదు. గోరువెచ్చని నీటి చుక్కకు ఉబ్బి జిగటగా మారితే తోలు బంక. ఆల్కహాల్‌కు మెత్తబడితే షెల్లాక్, అయితే ముదిరిన షెల్లాక్ మొండికేస్తుంది, అరగంట ఓపిక పట్టాలి. అసిటోన్‌లో చటుక్కున కరిగితే పాతకాలపు ప్లాస్టిక్ బంక సెల్యులోజ్ నైట్రేట్ కావచ్చు, మ్యూజియం పనిలో వాడే పారలాయిడ్ బీ-72 లాంటి అక్రిలిక్ బంక కావచ్చు. మొదటిది పచ్చబడి, పెళుసై, ముడుచుకుపోతుంది. రెండోది ఏళ్లు గడిచినా తేటగా ఉంటుంది. తేల్చుకోవాలంటే డైఫినైలమైన్ పరీక్ష ఉంది, నైట్రేట్ అయితే ముదురు నీలం వస్తుంది. అందులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ల్యాబ్‌లోనే, తెలిసినవాళ్ల చేతనే చేయించండి.

దేనికీ కరగకుండా కొంచెం ఉబ్బి ఊరుకుంటే ఎపాక్సీ అని అనుమానించండి. ఇది 1940ల చివర్లో గానీ మార్కెట్లోకి రాలేదు, కాబట్టి ఆ రిపేర్ అంతకంటే పాతది కాలేదు. తీయడం ఎంత కష్టమో కైరోలో చూశారు. 2014లో ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ బంగారు ముసుగు గడ్డం ఊడితే హడావిడిగా ఎపాక్సీతో అతికించారు, 2015లో దాన్ని చెక్క పనిముట్లతో వారాల తరబడి గీకి తీసి, ఆఖరికి తేనెమైనంతో అతికించాల్సి వచ్చింది.

చిల్లి పూడ్చిన ముద్ద సూదితో గీస్తే తెల్లటి పొడి రాలితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కావచ్చు. దాన్ని మెత్తబరచడానికి కుండను నీళ్లలో నానబెట్టొద్దు, ప్లాస్టర్‌లోని జిప్సం కొద్దికొద్దిగా కరిగి ఆ లవణం మట్టిలోకి చేరుతుంది, ఆరాక పైకొచ్చి పొట్టు లేపుతుంది.

పింగాణీకి పగులు పొడవునా తీగ కుట్లు కనిపిస్తే, మన ఊళ్లలో బిందెకు మాటు వేసినట్టే, అది ఒకప్పటి పనివాళ్ల చేతిపని. వదులై తుప్పు మరకలు పెడుతుంటే తప్ప నేనైతే వాటిని ముట్టుకోను. తీయాల్సి వస్తే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, తీసిన ప్రతి కుట్టునూ, గీకిన బంక రేణువునూ చిన్న సీసాల్లో వేసి, ఆ వస్తువు నంబర్, తేదీ, ఏ చుక్కకు ఎలా మారిందో రాసి అతికించండి.